ఉప్పు కొట్టు డబ్బాలో ఏడు నెలలు

పాలచెలమ బ్రాంచి పోస్టాఫీసులో నేను నాలుగేళ్ల ఏడు నెలలు పనిచేశాను. బయటికి వచ్చేనాటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఈ వయసులో ఉద్యోగ అనుభవాలు రాయడానికి కూర్చుంటే మా అమ్మ, “పింఛను తీసుకునే ముసలోళ్లు రాసుకునేవి గదనే అవి!” అని నవ్వింది. నవ్వదగ్గ మాటే. కానీ నా కుర్చీలోకి కొత్త అమ్మాయి వస్తోందని, కుంట ఊరి దగ్గర తెలుగువాళ్ల పిల్లేనని వారం కిందట తెలిసింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె కోసమే రాస్తున్నాను.

అమ్మాయీ, ముద్ర ఎలా కొట్టాలో, ఏ పుస్తకంలో ఏం ఎక్కించాలో నీకు ట్రైనింగులో చెబుతారు. ఎవరికి ఎలా నమస్తే పెట్టాలో కూడా చెబుతారు. నేను అవేవీ రాయను. ఒక ఉత్తరం సంగతి రాస్తాను. దానికి ముందు, ఈ పని నిజానికి ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ ఉత్తరం ఎందుకు అలా అయిందో నీకు అర్థం కాదు.

సంచి

మన డాక్ సంచి, అంటే టపా సంచి, హైవే మీద బస్సులో వస్తుంది. ఎర్రబోరు ఊరికి ఇవతల ఒక పంక్చరు షాపు ఉంది. కండక్టరు నడుస్తున్న బస్సులోంచి సంచిని దాని ముందుకు విసురుతాడు. షాపతను తీసి, పాత టైర్ల పక్కన మేకుకి తగిలిస్తాడు. రూల్సులో ఇలా లేదు, జరిగేది మాత్రం ఇదే. నువ్వు సైకిల్ మీద వెళ్లి తెచ్చుకోవాలి. కండక్టరు మరిచిపోతే సంచి రాష్ట్ర సరిహద్దు దాకా పోయి మర్నాడు తిరిగి వస్తుంది. ఒక్కోసారి మర్నాడు కూడా రాదు. నేను చేరిన మొదటి వానాకాలంలో సంచి విప్పితే ఆధార్ కార్డుల కవర్లు పిండిన బట్టల్లా బయటికి వచ్చాయి. ఆఫీసులో, అంటే మా ఇంటి ముందు గదిలో, తాడు కట్టి వాటిని ఆరేశాను.

జనానికి ఆ బస్సు, ఆ సంచి కనబడవు. కనబడేది నువ్వు. ఆ ఏడాదే మా పక్క ఊరి అమ్మాయికి నర్సింగ్ పరీక్ష హాల్ టికెట్ వచ్చింది, పరీక్ష అయిన రెండు రోజులకి. అమ్మాయి రాలేదు. వాళ్ల నాన్న వచ్చాడు.

“ఏంది పిల్లా, దీన్నేం చేసుకోమంటవు? దేవుడి పటం పక్కన పెట్టుకోమంటవా?”

“సంచి నిన్ననే వచ్చింది పెద్దనాన్నా.”

“మీ డాకు కన్న మా ఎడ్లబండి నయం. ఎడ్లనైతే ఒకటి కొడితే కదులుతయి. మిమ్మల్ని యాడ కొట్టాలె?”

బల్ల మీద హాల్ టికెట్ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ రోజు నా డైరీలో ‘ఇది నా తప్పు కాదు’ అని మూడుసార్లు రాసుకున్నాను. నిజంగానే కాదు. కానీ ఆ వాక్యం ఒకసారి అలవాటైతే ప్రతి పేజీలోనూ వచ్చి కూర్చుంటుంది. మొదటి ఏడాది అది నిజం. నాలుగో ఏడాదికి కాదు. మధ్యలో ఎప్పుడు మారిందో డైరీలన్నీ తిరగేసినా నాకు దొరకలేదు.

నాగయ్య తాత గొంతు

నాకంటే ముందు ఈ పని నాగయ్య తాత చేసేవాడు. రూల్సు ప్రకారం వాగు అవతలి ఊళ్లకి కూడా ఇంటింటికీ ఉత్తరం ఇవ్వాలి. ఒక మనిషి, రెండు కాళ్లు, మధ్యలో వాగు, అడవి దారి. కుదరని పని. అందుకని తాత ఒక పద్ధతి పెట్టాడు. శుక్రవారం సంతకి అన్ని ఊళ్లవాళ్లూ వస్తారు. వేరే ఏం కొన్నా కొనకపోయినా ఉప్పు కొనకుండా వెళ్లరు. సంత మొదట్లోనే వీరన్న సేటు ఉప్పు కొట్టు ఉంది. అక్కడ ఒక బిస్కట్ల రేకు డబ్బా పెట్టి, వాగు అవతలి ఉత్తరాలన్నీ అందులో వేసేవాడు. శుక్రవారం పొద్దున ఉప్పు బస్తా ఎక్కి నిలబడి పేర్లు పిలిచేవాడు. “ఇప్పగూడ సోమడో! కాయితమొచ్చింది!” అంటే ఎండుచేపల వరుస దాకా వినబడేదట. మా వైపు దాన్ని ఉప్పు డాకు అంటారు.

పని అప్పగిస్తూ తాత డబ్బా నా చేతికిచ్చి అన్నాడు. “దీనికి నోరుండాలె పిల్లా. నోరు లేకుంటే ఇది ఉత్త రేకు.”

నాకు నోరు లేదు. బడిలో హాజరు పిలిస్తే పలకలేక చెయ్యెత్తేదాన్ని. మొదటి శుక్రవారం బస్తా ఎక్కాను. ఒక పేరు పిలిచాను. అది నా చెవులకే సరిగా వినబడలేదు. గాజులమ్మే ఆమె పక్కనే ఉంది. “ఏంది, డాకమ్మ గొంతు పెండ్లిపిల్లోలె ఉన్నది! మెల్లగ, మెల్లగ, మొగుడు ఇంటడు!” అంది. చుట్టూ నవ్వారు. వాళ్లు ప్రేమగానే నవ్వారని ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు నేను బస్తా దిగాను, మళ్లీ ఎక్కలేదు.

ఆ తర్వాత డబ్బాని ఉప్పు బస్తాల మీద పెట్టి, వెనక ముక్కాలి పీట మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరుచుకునేదాన్ని. వచ్చి అడిగినవాళ్లకి ఇచ్చేదాన్ని. నేను ఆలస్యమైతే వీరన్న బాబాయే ఇచ్చేవాడు. “నేను చూస్త తియ్యమ్మా, నువ్వు చదువుకో,” అనేవాడు. మంచి మనిషే, కానీ ఆయన పని ఉప్పు తూచడం. డాకు నా పని.

గుట్ట మలుపు

ప్రతి స్పీడ్ పోస్టుకీ ఫోన్‌లో లెక్క ఉంటుంది. అందింది అని కొట్టి, తీసుకున్నవాళ్లతో తెర మీద వేలితో సంతకం పెట్టించాలి. కొట్టకపోతే ఆ వరుస ఎర్రగా కనబడుతుంది. సిగ్నల్ పాలచెలమలో రాదు, సంతలో రాదు. సైకిల్ మీద పావుగంట దూరంలో గుట్ట మలుపు దగ్గర వస్తుంది.

మా మీద ఒక ఓవర్‌సీర్ ఉండేవాడు. రాయ్‌పూర్ వైపు మనిషి. సగం హిందీ, సగం వచ్చీరాని తెలుగు. అతన్ని చెడ్డవాడిగా రాయడం నాకు తేలిక. కానీ మా నాన్నకి జ్వరం వచ్చినప్పుడు మోటర్ సైకిల్ మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది అతనే. నెలకోసారి వచ్చి నా ఫోన్ చూసేవాడు.

“యే క్యా హై మేడం? ఇంత ఎర్ర!”

“వాగు అవతలివి సార్. శుక్రవారమే ఇవ్వగలను.”

“శుక్రవారం ఇవ్వు, నేను వద్దన్ననా? లేకిన్ ఫోన్‌లో ఆజ్ హీ, ఇవాళే కొట్టు. పై నుంచి ఫోన్ నాకు వస్తుంది, నీకు రాదు.”

“సంతకం సార్?”

“వేలుంది కదా? గీత గియ్యి. సబ్ కర్‌తే హై.”

అందరూ చేస్తారు. అది నిజమే అయి ఉంటుంది. నేను రోజూ గుట్ట మలుపు దగ్గర నిలబడి, ఎవరికీ ఇవ్వని ఉత్తరాలన్నిటికీ అందింది అని కొట్టేదాన్ని. ఎవరెవరి పేరునో గీతలు గీసేదాన్ని. ఎరుపు పోయి పచ్చ వచ్చేది. ఆ పచ్చ చూస్తే నాకు హాయిగా ఉండేది. అది కూడా దాచను.

ఇప్పగూడ అవ్వ

నేను పిలవకపోయినా ప్రతి శుక్రవారం తనంత తాను వచ్చి అడిగే మనిషి ఒక్కతే. ఇప్పగూడ బుద్రి. డెబ్బై దాటి ఉంటాయి. ఆమె కొడుకు జోగ ఏదో సంతలో జరిగిన కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు. విచారణ ఇంకా మొదలవలేదు. అవ్వ ఉప్పు కొనే ముందు నా పీట ఎదురుగా నిలబడేది.

“మావోడి కాయితం వచ్చెనా పిల్లా?”

“రాలేదవ్వా.”

“వస్తది తియ్.”

రెండేళ్లు ఇవే మాటలు. ఆమె కనబడగానే నేను పుస్తకంలో వేలు పెట్టి పేజీ గుర్తు పెట్టుకుని, మాట అయిపోగానే మళ్లీ చదువుకునేదాన్ని.

ఒక ఆగస్టులో, మంగళవారం, జిల్లా న్యాయ సహాయం వాళ్ల దగ్గర నుంచి ఆమె పేరున గోధుమరంగు కవరు వచ్చింది. స్పీడ్ పోస్టు. గుట్ట మలుపు దగ్గర అందింది అని కొట్టాను. ముసలామె కదా, సంతకం రాదు కదా అని, గడిలో గుండ్రంగా వేలిముద్రలా ఒక సున్నా చుట్టాను. అంత వివరంగా చేశాను. తర్వాత కవరు తెచ్చి ఉప్పు కొట్టు డబ్బాలో వేశాను.

ఆ శుక్రవారం వాగు పొంగింది. సంత లేదు. తర్వాతి శుక్రవారం కూడా లేదు. రెండు శుక్రవారాలూ ఇంట్లో కూర్చుని ఒక నవల పూర్తి చేశాను. మూడో శుక్రవారం నేను వెళ్లేసరికి వీరన్న బాబాయి కొన్ని ఉత్తరాలు అప్పటికే ఇచ్చేశాడు. అవ్వ వచ్చింది.

“మావోడి కాయితం వచ్చెనా పిల్లా?”

డబ్బాలోకి చూశాను. రెండు కవర్లున్నాయి, ఆమెవి కావు. ఫోన్ తీశాను. అప్పటికి అది నా అలవాటు. ఫోన్‌లో ఇప్పగూడ, బుద్రి, పచ్చ.

“వచ్చిందవ్వా! ఇచ్చేశాం.”

“ఇచ్చిన్రా?” ముసలామె ముఖం వెలిగింది. మరుక్షణం తికమక పడింది. “ఎవలికి?”

“మీ ఊరోళ్లెవరో తీసుకుని ఉంటారు. ఇదిగో, ఇందులో ఉంది.”

ఫోన్ ఆమె ముందు పెట్టాను. చదవడం రాదు. అయినా వంగి రెండు కళ్లతో చూసింది. “పచ్చగ ఉన్నది.”

“పచ్చగా ఉంటే అందినట్టు.”

“ఎవలి చేతికిచ్చిన్రు? పేరు చెప్పు పిల్లా.”

“నాకేం తెలుసవ్వా. బాబాయ్, నువ్వు ఇచ్చావా?”

వీరన్న బాబాయి తక్కెడ మీంచి కళ్లెత్తలేదు. “ఇచ్చే ఉంటలే.”

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఇది. ‘ఇప్పగూడ అవ్వ మళ్లీ సతాయించింది. ఉత్తరం ఇచ్చేశామన్నా వదలదు. ఫోన్‌లో పచ్చగానే ఉంది.’ దాని కింద పేజీన్నర నవల గురించి.

అమ్మాయీ, ఈ ఒక్క చోట కొంచెం ఆగి చదువు. ఆ సున్నా చుట్టింది నేను. ఇవ్వకుండానే అందింది అని కొట్టింది నేను. మూడో శుక్రవారం అదే అబద్ధాన్ని ఫోన్ నాకు తిరిగి చెప్పింది, నేను నమ్మాను. ఎదురుగా నిలబడి ‘అందలేదు’ అంటున్న మనిషిని నమ్మలేదు.

తర్వాతి సంతల్లో అవ్వ ఉప్పు కొనుక్కునేది. నా ఎదురుగా నిలబడేది కాదు. సంగతి తేలిపోయిందనుకున్నాను.

డబ్బా అడుగు

మార్చిలో, ఇప్పపూలు రాలుతున్న రోజుల్లో, వీరన్న బాబాయి కొట్టు నేల బాగుచేయించాడు. బస్తాలు జరుపుతూ డబ్బా ఎత్తి చూశాడు. “దీని పని అయిపోయిందమ్మా. ఉప్పు నీళ్లు తాగి తాగి తుప్పు పట్టింది. కొత్తది పెడదాం.”

బోర్లించి కొట్టాడు. అడుగున పరిచిన పాత పేపరు పెచ్చులా ఊడిపడింది. దాని వెనక, రేకుకి అంటుకుని, ఉప్పు గడ్డకట్టిన గోధుమరంగు కవరు. ఎప్పుడో పేపరు కిందికి జారింది. ఏడు నెలలుగా అక్కడే ఉంది. నా పీటకి రెండడుగుల దూరంలో.

బాబాయి చాకుతో మెల్లగా ఊడదీశాడు. పేరు మీద సిరా చెదరలేదు.

“మనం ఇచ్చినం అనుకున్నదే గదా ఇది,” అన్నాడు.

‘మనం’ అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆ మాటకి కృతజ్ఞత కలిగింది. కానీ అందులో ఆయన వాటా ఏమీ లేదు.

“శుక్రవారం అవ్వకి ఇస్తాను,” అన్నాను.

“ఎవలికి? బుద్రికా?” బాబాయి నా వంక వింతగా చూశాడు. “ముసల్ది సంక్రాంతి ముందు చలికే పాయె గదమ్మా. నీకు తెల్వదా?”

ఆమె రావడం మానేసి రెండు నెలలు దాటింది. నాకు తెలియదు.

ఇప్పగూడ

నాలుగేళ్లకి పైగా ఆ ఊరి డాకు నా పని. ఆ ఊరు నేను ఎన్నడూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, వాగు దాటి, రెండున్నర గంటలు నడిచాను. నడవగలిగిన దారే అది.

జోగ భార్య లక్కె వాకిట్లో ఇప్పపూలు ఎండబెడుతోంది. ఇంట్లో వాళ్లది దొర్ల భాష, నాతో తెలుగు మాట్లాడింది. కవరు చేతికిస్తే తిరిగి నాకే ఇచ్చింది. “నాకు రాదు బాయీ. చదువు.”

హిందీలో ఉంది. చదివి తెలుగులో చెప్పాను. జోగకి బెయిలు మంజూరైంది. భూమి పట్టా ఉన్నవాళ్లెవరైనా గడువు లోపల కోర్టుకి వచ్చి జామీను నిలబడితే ఇంటికి పంపిస్తారు. కింద వకీలు ఫోన్ నెంబరు. గడువు ఆగస్టు ఆఖరు.

లక్కె పూలు తిరగేస్తూనే ఉంది.

“ఇది ఎప్పటిది?”

“వానల్లో వచ్చింది.”

“మా యత్త నిన్నడిగిన నాడు ఇది యాడున్నది?”

“డబ్బాలో.”

“నువ్వు యాడున్నవు?”

“డబ్బా పక్కన.”

పూలు తిరగేయడం ఆపింది. తర్వాత గొంతు పెంచకుండా చెప్పింది. “ముసల్ది ఇంటింటికి తిరిగింది. కాయితం ఎవలు తీస్కున్రు, ఎందుకు దాచిన్రు అని. మేం తియ్యలేదంటే ఇనలే. ‘ఆ పిల్ల సదువుకున్నది, అబద్ధమాడదు, ఫోన్ల పచ్చగ ఉన్నది, నా కండ్లతోని చూసిన’ అన్నది. పటేలు ఇంటి మీదికి కూడ పోయింది. ఊరంత మాతోని మాట బందు పెట్టిన్రు. సచ్చిపోతే మొయ్యనీకి నలుగురు రాలే. మా అన్నలను పక్కూరి నుంచి పిలిపిచ్చిన.”

నేను ‘తప్పయింది’ అన్నాననుకుంటాను. అన్నానో, అనుకున్నానో గుర్తు లేదు. లక్కెకి అది అక్కర్లేదు.

“అదంత వద్దు. ఇప్పుడు పోతే ఇడుస్తరా?” అంది.

తొమ్మిది రోజులు

లక్కెతో బస్సెక్కి జిల్లా కోర్టుకి వెళ్లాను. న్యాయ సహాయం వకీలు చిన్నవాడు. బల్ల నిండా ఫైళ్లు. జోగ ఫైలు తీసి అందులోంచి ఒక కాగితం మా ముందు పెట్టాడు. నా ఫోన్‌లోని వరుసే, ప్రింటు తీసి ఉంది. అందింది, తేదీ, నేను చుట్టిన సున్నా.

ఇంటివాళ్లు ఉత్తరం అందుకుని కూడా రాలేదు కాబట్టి ఆ గడువు పోయిందన్నాడు. జైల్లో జోగకి కూడా అదే చెప్పానన్నాడు. అప్పటి నుంచి అతను వకీలుని కలవడానికి పిలిచినా రావడం లేదట. ఇప్పుడు మళ్లీ అర్జీ పెట్టాలి, ఆలస్యానికి కారణం చూపాలి. అందలేదు అంటే చాలదు, సంతకం ఉంది. వేలితో సున్నా చూపిస్తూ నన్ను అడిగాడు. ఇది ఎవరిది?

“కనుక్కుని చెబుతాను,” అన్నాను.

తిరుగు బస్సులో లక్కె అడిగింది. “ఏమన్నడు?”

“టైం పడుతుందన్నాడు.”

ఆమెకి హిందీ రాదు. అది నాకు ఆ పూట కలిసొచ్చింది.

తొమ్మిది రోజులు ఊరుకున్నాను. జోగ అక్కడ లోపల ఉన్నాడు, తల్లి తనని వదిలేసిందనుకుంటూ. నేను రోజూ సంచి తెచ్చాను, ముద్రలు కొట్టాను, అన్నం తిన్నాను. మా ఇంట్లో నెల నెలా వచ్చేది నా జీతం ఒక్కటే. ఇది సాకుగా రాయడం లేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది అదే కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదో రోజు ఓవర్‌సీర్ వచ్చాడు. అంతా చెప్పాను. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“కోర్టుకి నిజం రాసిస్తే నౌకరీ పోతుంది మేడం. నీదీ, నాదీ.”

“రాయకపోతే అతన్ని వదలరు సార్.”

“ఇంకో దారి ఉంది.” గొంతు తగ్గించాడు. “ముసలమ్మే ముద్ర వేసింది, ఉత్తరం తీసుకుంది, ఇంట్లో పోగొట్టింది అని రాయి. ఆమె ఇప్పుడు లేదు కదా.”

నన్ను కాపాడదామనే అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. అతను వెళ్లగానే కూర్చుని రాశాను. సంతకం నాది, ఉత్తరం ఇవ్వలేదు, ఏడు నెలలు డబ్బాలో ఉంది. ఆ కాగితాన్ని పోస్టులో వెయ్యలేదు. బస్సెక్కి తీసుకెళ్లి వకీలు చేతిలో పెట్టాను.

అప్పట్లో రాసుకున్నది ఏదైనా ఉంటే అర్జీకి బలం వస్తుందన్నాడు వకీలు. ఉంది. నా డైరీ మా అమ్మ కూడా చదవలేదు. ఆ పేజీ చింపి ఇచ్చాను. తెలుగు వచ్చిన గుమాస్తా ఒకతను కోర్టులో దాన్ని హిందీలో చదివి వినిపించాడు. అవ్వ సతాయించిందని చదివాడు. నవల గురించి రాసుకున్నది కూడా ఆగకుండా చదువుకుంటూ పోయాడు, జడ్జి చెయ్యెత్తి ఆపేదాకా. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఫోన్‌లో అలా కొట్టమని ఎవరు నేర్పారని తర్వాత మా పై వాళ్లు అడిగారు. వేలు నాదే అన్నాను. ఓవర్‌సీర్ పేరు రాయలేదు. అది మంచితనమో పిరికితనమో నాకు ఇంకా తెలియదు. అతను అదే పనిలో ఉన్నాడు. నెలకోసారి వచ్చి నీ ఫోన్ చూస్తాడు. ఎరుపు చూసి ఏమంటాడో నీకు ఇప్పుడు తెలుసు. నేను ఇది రాయడానికి సగం కారణం అదే.

ఆ వారమే నన్ను పని నుంచి పక్కన పెట్టారు. తర్వాత తీసేశారు.

బస్తా మీద

తునికాకు కోతలు మొదలయ్యాయి. ఒక శుక్రవారం, ఏదైనా కబురు వచ్చిందేమోనని గుట్ట మలుపు దగ్గరికి వెళ్లి ఫోన్ తెరిచాను. వకీలు అప్పటికి నాలుగుసార్లు చేసి ఉన్నాడు. ఆర్డరు వచ్చింది. సోమవారం జామీను మనిషిని పట్టాతో సహా తీసుకురావాలి. మంగళవారం నుంచి కోర్టుకి వేసవి సెలవులు. సోమవారం దాటితే మళ్లీ నెల దాకా లేదు.

లక్కె సంతలోనే ఉంటుంది. సైకిల్ తొక్కుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకు కోతల కాలం కదా, ఇసకవేస్తే రాలని జనం. ఎండుచేపల దగ్గర వెతికాను, గాజుల దగ్గర వెతికాను, కల్లు కుండల దగ్గర కూడా చూశాను. వాగు అవతలివాళ్లు గంపలు నెత్తికెత్తుకుంటున్నారు. లక్కె ఒకసారి వెళ్లిపోతే, జామీను నిలబడాల్సిన ఆమె అన్న ఊరికి కబురు పోయి, పట్టా తీసుకుని సోమవారానికి అందుకోవడం జరగదు.

ఉప్పు కొట్టుకి వచ్చి బస్తా ఎక్కాను.

“ఏందమ్మా, పడతవు!” అన్నాడు వీరన్న బాబాయి.

“ఇప్పగూడ లక్కె!” అన్నాను. గొంతు చీలింది. ఎవరూ చూడలేదు.

రెండోసారి పిలిచాను. గాజులామె తలెత్తి చూసింది. ఈసారి నవ్వలేదు.

మూడోసారి పిలిచినప్పుడు అది నా గొంతులా లేదు. ఎండుచేపల వరుస తిరిగి చూసింది. గాజులామె లేచి నిలబడి అందుకుంది. “ఓ లక్కె! ఇప్పగూడ లక్కె! డాకమ్మ పిలుస్తున్నదే!” ఆ వరుస నుంచి ఇంకో వరుసకి పేరు పాకింది. వాగు దారి మొదట్లో ఒక గంప ఆగింది. లక్కె దాన్ని అక్కడే దించి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె చేరేదాకా నేను దిగలేదు.

సోమవారం ఆమె అన్న జామీను నిలబడ్డాడు. జోగ బయటికి వచ్చాడు.

రెండు సంతల తర్వాత నేను ఉప్పు కొనడానికి వెళ్లాను. ఒక పొడుగాటి మనిషి వచ్చి, బాబాయిని ఏదో అడిగి, నా ఎదురుగా నిలబడ్డాడు. మనిషి ఎముకలే మిగిలి ఉన్నాడు. సరిగ్గా వాళ్లమ్మ నిలబడే చోటే నిలబడ్డాడు.

“డాకు పిల్లవు నువ్వేనా?”

“అవును.”

“మా యవ్వ అడిగేదంట గద, కాయితం వచ్చెనా అని.”

“అడిగేది. ప్రతి సంతకి.”

“ప్రతి సంతకి?”

“నా కాడికి వచ్చి అడిగినాకనే ఉప్పు కొనేది.”

భుజం మీది తువ్వాలు తీశాడు. తర్వాత అన్నాడు. “ముద్ర పెట్టి తీస్కొని కూడ రాలేదని చెప్పిన్రు ఆడ. కోపమొచ్చి ఇడిసిందనుకున్న. ఇన్ని నెలలు నేను ఆమెను తిట్టుకున్న.”

అతను తువ్వాలు పరిచి ఉప్పు మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

అమ్మాయీ, ఆ తుప్పు పట్టిన డబ్బా నా దగ్గరే ఉంది. వీరన్న బాబాయి నీకు కొత్తది ఇస్తాడు. అడుగున పేపరు పరచకు. మనిషి చేతిలో కాగితం పెట్టకముందు ఫోన్‌ని పచ్చగా చెయ్యకు, ఓవర్‌సీర్ ఎంత అరిచినా ఎర్రగానే ఉండనీ. శుక్రవారం పొద్దున్నే బస్తా ఎక్కి పేర్లు పిలువు. మొదటిసారి గొంతు రాదు. గాజులామె నవ్వుతుంది, నవ్వనీ. రెండోసారి పిలువు.

మూడోసారికి వస్తుంది.